లేచి నిలుచుండిన మూడు నిమిషములు

డోర్నకల్ కూడలి స్టేషనులో రైలు కొరకు వేచియున్న వృద్ధు నొకనిని ఊహించుకొందము. బల్లపైన గంటసేపు కూర్చుండిన ఆయన, రైలు వచ్చుచున్నదని వినగానే ఒక్కసారిగా లేచును. నాలుగడుగులు వేయునంతలో కన్నులకు చీకట్లు క్రమ్మును. ప్రక్కనున్న స్తంభము అందినచో దానిని పట్టుకొనును, అందనిచో కూలబడును. చుట్టునున్నవారు నేలపై పండుకొనబెట్టి విసరుదురు. రెండు నిమిషములలో ఆయన తెప్పరిల్లి, ఏమియు లేదు, కండ్లు తిరిగినవని సిగ్గుపడుచు లేవబోవును. లేచినంతనే మరల అదే స్థితి.

ఇట్టి దానికి మన పల్లెలలో పేర్లకు కొదువ లేదు. ఎండదెబ్బ యందురు, పైత్యమందురు, రక్తము తక్కువ యందురు, గాలి సోకినదందురు. వీనిలో ఎండ మాట పెక్కు పర్యాయములు నిజమే. కాని నెలల తరబడి, ఎండలోను నీడలోను, లేచిన ప్రతిసారియు ఇట్లే జరుగుచు, పండుకొనినంతనే నయమగుచున్నచో, అది వేరొక వ్యాధి కావచ్చును. నిలుచున్నప్పుడు రక్తపోటును నిలువబెట్టవలసిన నరములు తమ పని మానివేయుటయే ఆ వ్యాధి. వైద్యులు దీనిని న్యూరోజెనిక్ ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అందురు. తెలుగులో చెప్పుకొనవలెనన్న, నరముల లోపము వలన నిలుచున్నప్పుడు రక్తపోటు పడిపోవుట. మానవుడు ఈ సంగతిని ఎట్లు తెలిసికొనెను, ఆ తెలివిడిలో మన హైదరాబాదునకు గల పాలెంత, నేడు దీనిని గుర్తించి చికిత్స చేయుట ఎట్లు అను విషయములను ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

మొదట నిలుచుండుట యనగా నేమో చూతము. అది మనకు శ్రమలేని పనిగా తోచును. కాని మనము నిలుచుండగానే అర లీటరు మొదలు ముప్పావు లీటరు వరకు రక్తము భూమ్యాకర్షణ వలన కాళ్లలోని సిరలకును, కడుపులోని సిరలకును దిగిపోవును. ఆ మేరకు గుండెకు తిరిగి చేరు రక్తము తగ్గును. గుండె పంపు రక్తమును తగ్గును. అన్నిటికంటె ఎత్తున నున్న మెదడు ముందుగా ఆకలిగొనును.

మన చెరువుల క్రింది సేద్యము నెరిగినవారికి ఇది సులభముగా బోధపడును. నీరు తనంతట పల్లమునకు పోవును. మెరక పొలమునకు నీరు అందవలెనన్న నీరటి కాలువ వెంట తిరిగి, పల్లపు మడవలను బిగింపవలెను. దేహమునందును అట్టి నీరటి కలడు. మెడలోని పెద్ద ధమని చీలుచోట రక్తపోటును కనిపెట్టు సున్నితమైన నరపు కొసలున్నవి. పోటు తగ్గిన క్షణమున అవి మెదడు అడుగుభాగమునకు వార్త పంపును. అచ్చటినుండి వెన్నుపాము మీదుగా ఆజ్ఞలు బయలుదేరి, కాళ్లలోని, కడుపులోని రక్తనాళములను బిగించును. గుండెను వడిగా కొట్టుకొననిచ్చును. ఇదంతయు కొన్ని సెకనులలో ముగియును. ఆరోగ్యవంతుడు తన దినమున ఎన్నిసార్లు లేచినను ఈ ఏర్పాటు పని చేయుచున్నదనియే ఎరుగడు. ఆ నరములు చెడినవానికి మాత్రము, పిలిచినను నీరటి పలుకడు.

ఈ యేర్పాటును శాస్త్రజ్ఞులు గుర్తించిన కథలో హైదరాబాదు ప్రస్తావన యొకటి కలదు. నిజాము రాష్ట్రపు రైలు మార్గము వరంగల్లు దాటి, డోర్నకల్ మీదుగా సాగి, 1889లో బెజవాడను చేరినది. ఇల్లెందు బొగ్గు గనులలో తవ్వకము ఆరంభమైనదియు ఆ సంవత్సరముననే. సరిగా అదే సంవత్సరమున హైదరాబాదు నగరమున రక్తపోటును గూర్చి ప్రపంచ వైద్యులందరు చెవియొగ్గిన పరీక్షలు జరిగినవి. వానినే రెండవ హైదరాబాదు క్లోరోఫారము కమిషను అందురు.

క్లోరోఫారమును మత్తుమందుగా 1847లో ఎడింబరోలో సింప్సను ప్రవేశపెట్టెను. మరుసటి సంవత్సరముననే ఇంగ్లండులో పదునైదేండ్ల బాలిక యొకతె ఆ మత్తులో మరణించినది. అది మొదలు ఈ మందు గుండెను ఆపి చంపునా, లేక ఊపిరిని ఆపి చంపునా అను వివాదము సాగెను. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతియగు ఎడ్వర్డు లారీ, ఊపిరిని కనిపెట్టియున్నచో చాలును, నాడిని చూడనక్కరలేదని గట్టిగా నమ్మినవాడు. ఆయన కోరికపై నిజాము ప్రభుత్వము 1888లో మొదటి కమిషనును నియమించినది. దాని తీర్మానమును లండనులోని లాన్సెట్ పత్రిక శంకింపగా, నిజాము ప్రభుత్వము వేయి పౌనుల ధనమిచ్చి, అచ్చటి నిపుణు నొకనిని పంపుమని కోరినది. లాడర్ బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు 1889లో సముద్రము దాటి హైదరాబాదునకు వచ్చెను.

ఆనాటి హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అను విదుషి క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరి, ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యులలో ఒకతెగా పేరుగాంచినది. కమిషను వారు వందలకొలది జంతువులపై పరీక్షలు చేసిరి. ధమనికి గొట్టము కలిపి, దానిలోని పోటును తిరుగుచున్న డోలుపైని కాగితముమీద గీతగా వ్రాయించు యంత్రమును వారు ఉపయోగించిరి. ప్రతి ప్రాణి రక్తపోటు ఎట్లు దిగెనో, ఎప్పుడు ఊపిరి నిలిచెనో ఆ గీతలు చూపినవి. వచ్చునప్పుడు భిన్నాభిప్రాయముతో వచ్చిన బ్రంటను, తుదకు లారీ పక్షమునే నిలిచెను. ఆ తీర్పు తుదివరకు నిలువలేదు. తేలికపాటి క్లోరోఫారము మత్తులో గుండె తటాలున గతి తప్పి ఆగిపోవచ్చునని 1911 నాటికి గుడ్మను లెవీ ఇంగ్లండులో నిరూపించెను. నాడిని చూడనక్కరలేదన్న మాట పొరపాటని తేలినది.

కాని ఆ వివాదము వేరొక మేలు చేసినది. క్లోరోఫారమిచ్చినప్పుడు రక్తపోటు ఎందుకు పడిపోవుచున్నదను ప్రశ్న ఎల్లరి మనస్సులలో నాటుకొన్నది. ఆ ప్రశ్నను పట్టుకొని లెనార్డు హిల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, జంతువులను పలకపై కట్టి, ఒకమారు తల క్రిందుగను, ఒకమారు కాళ్లు క్రిందుగను వాల్చి, రక్తపోటును కొలిచెను. 1895లో ఆయన ప్రకటించిన ఫలితము మన కథకు మూలస్తంభము. కాళ్లు క్రిందికి వ్రేలాడినప్పుడు రక్తము పల్లమునకు జారకుండ కాపాడునది ముఖ్యముగా కడుపులోని రక్తనాళములను బిగించు నరముల వ్యవస్థయని ఆయన తేల్చెను. క్లోరోఫారము ఆ వ్యవస్థను స్తంభింపజేయును. అప్పుడు కాళ్లు క్రిందుగా నుంచుటయే ప్రమాదము. భంగిమను మార్చి చూచుట ఈ నరముల బాగోగులను తెలిసికొనుటకు మిక్కిలి సున్నితమైన పరీక్ష యగునని కూడ ఆయన గ్రహించెను. నేడు వైద్యుడు రోగిని పండుకొనబెట్టి ఒకసారి, నిలువబెట్టి ఒకసారి రక్తపోటును చూచుటకు పునాది ఇదియే.

అయితే హిల్ కొలిచినది జంతువుల ధమనిలో. మనుష్యుని ధమనిని కోయకుండ రక్తపోటును కొలుచు సాధనము ఇంకను రావలసియుండెను. ఇటలీ దేశస్థుడగు రీవా రోచ్చి 1896లో జబ్బకు కట్టు గాలిపట్టీని, పాదరసపు గొట్టమును జోడించెను. రష్యా వైద్యుడగు కొరొట్కోఫ్ 1905లో ఆ పట్టీకి దిగువన గొట్టముపెట్టి వినవలసిన చప్పుళ్లను వర్ణించెను. ఈ రెండును కలిసి రక్తపోటు కొలత రోగి మంచము ప్రక్కకు వచ్చినది.

అటుపిమ్మట ఇరువది సంవత్సరములకు, 1925లో, అమెరికా దేశమున బ్రాడ్‌బరీ, ఎగల్‌స్టను అను ఇరువురు వైద్యులు ముగ్గురు రోగుల చరిత్రను ప్రకటించిరి. ఆ ముగ్గురును నిలుచున్నంతనే సొమ్మసిల్లెడివారు. పండుకొన్నప్పుడు ఉండు రక్తపోటు నిలుచున్నప్పుడు కూలిపోయెడిది. విచిత్రమేమనగా, రక్తపోటు అంతగా పడినను వారి నాడి వేగము పెరుగలేదు. వారికి చెమట పట్టదు. వేసవి వేడిమిలో బాధ హెచ్చును. రాత్రులందు మూత్రము అధికము. పురుషత్వము సన్నగిల్లును. ఇవియన్నియు వేరువేరు జబ్బులుగా కనిపించును. కాని మన ఇచ్ఛతో నిమిత్తము లేక దేహమును నడుపు నరములు ఒక్కటిగా చెడినచో ఇవన్నియు ఒక్కచోటనే కలుగును. ఆ నరముల సముదాయమునకు స్వయంచాలక నాడీమండలమని అర్థము వచ్చు పేరును లాంగ్లీ అను ఆంగ్లేయుడు 1898లోనే పెట్టియుండెను. ఇప్పుడు ఆ మండలమునకు వచ్చు వ్యాధికి ముఖమొకటి ఏర్పడినది.

ఆ నరములు రక్తనాళముతో ఏ భాషలో మాటలాడునో తెలిసినది 1946లో. స్వీడను దేశపు ఫాన్ ఆయిలర్, నరపు కొసలనుండి వెలువడు నోరాడ్రెనలిన్ అను రసాయనమే రక్తనాళమును బిగించు దూత యని కనుగొనెను. దీనికి ఆయన 1970లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. ఆ కాలముననే అధిక రక్తపోటునకు మందులు బయలుదేరినవి. నరముల కూడళ్లను స్తంభింపజేయు హెక్సామిథోనియం అను మందు 1950 ప్రాంతమున వాడుకలోనికి రాగా, రోగులకు రక్తపోటు తగ్గినది, కాని లేచి నిలుచున్నప్పుడు వారు పడిపోవ మొదలిడిరి. మన దేశపు సర్పగంధి మూలికను గణనాథ సేన్, కార్తీక్ బోస్ 1931లోను, బొంబాయి వైద్యుడు రుస్తుం వకీలు 1949లోను రక్తపోటునకు వాడి లోకమునకు చాటిరి. 1952లో దానినుండి తీసిన రెసర్పిన్ నరపు కొసలలోని నోరాడ్రెనలిన్ నిలువను ఖాళీ చేయునని తరువాత తెలిసినది. ఈ విధముగా మందులే వైద్యులకు పాఠము చెప్పినవి: నరమును అడ్డగించినచో మనుజుడు నిలువలేడు.

1960లో అమెరికాలో షై, డ్రాగర్ అను వైద్యులు ఈ వ్యాధి గల కొందరిలో మెదడు, వెన్నుపాములలోని కణములు నశించుటను వర్ణించిరి. ఆ జబ్బును ఇప్పుడు మల్టిపుల్ సిస్టమ్ ఆట్రఫీ యందురు. పార్కిన్సన్ వ్యాధియందు, అనగా చేతులు వణకుచు నడక మందగించు జబ్బునందు, వణకుకంటె ముందుగనే ఒక్కొక్కప్పుడు ఈ నరములు దెబ్బతినును. కొందరిలో మరే వ్యాధియు కనుపింపక, ఈ నరములు మాత్రమే క్షీణించును. మన ప్రాంతమున అన్నిటికంటె విస్తారముగా నున్న హేతువు మధుమేహము. ఏండ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర కాళ్ల నరములను మొద్దుబార్చునట్లే ఈ నరములను కూడ కొరికివేయును. కుష్ఠు రోగమునందును ఈ నరములకు హాని కలుగవచ్చును.

ఇక గుర్తించుట ఎట్లు? ఇందుకు కావలసినవి గొప్ప యంత్రములు కావు. రక్తపోటు కొలుచు పట్టీ యొకటి, మంచమొకటి, గడియార మొకటి చాలును. రోగిని ఐదు నిమిషములు వెల్లకిల పండుకొనబెట్టి రక్తపోటును, నాడిని కొలువవలెను. పిమ్మట లేచి నిలుచుండుమని, ఒక నిమిషమునకు ఒకసారి, మూడు నిమిషములకు మరొకసారి కొలువవలెను. పై సంఖ్య 20 గాని, క్రింది సంఖ్య 10 గాని తగ్గినచో ఈ లోపమున్నట్లే. 1996లో అమెరికా నాడీవైద్యులు ఏర్పరచి, 2011లో సవరించిన నిర్వచనమిది. పండుకొన్నప్పుడే రక్తపోటు హెచ్చుగా నున్నవారికి 30 తగ్గినప్పుడు మాత్రము దీనిని లెక్కింపవలెనని సవరణ. రోగి ప్రక్కన మనుష్యుడొకడు తప్పక నిలుచుండవలెను. తూలినచో పట్టుకొనవలెను, వెంటనే పండుకొనబెట్టవలెను. కొందరిలో మూడు నిమిషములు దాటిన తరువాతనే రక్తపోటు పడును. అనుమానము మిగిలినచో, రోగిని పట్టీలతో కట్టి 60 డిగ్రీలకు పైగా లేపు వాలుబల్లపై పెద్ద ఆసుపత్రులలో పరీక్షింతురు.

రక్తపోటు పడినదని తెలిసినంత మాత్రమున నరములదే దోషమని చెప్పరాదు. విరేచనములు, వాంతులు, రక్తస్రావము, ఎండలో నీరు చాలకుండుట, మూత్రము జారీచేయు మాత్రలు, ప్రోస్టేటు గ్రంథికి వాడు కొన్ని మాత్రలు, మనోవ్యాధులకు ఇచ్చు కొన్ని మందులు కూడ ఇట్లే చేయును. వీనిని వేరుపరచునది నాడి. నీరు తక్కువైనవానికి రక్తపోటు పడినప్పుడు గుండె తనకు చేతనైనంత వడిగా కొట్టుకొనును. నీరటి ఉన్నాడు, నీరే లేదు. నరములు చెడినవానికి గుండె వేగము పెరుగదు. నీరున్నది, నీరటి పలుకడు.

ఒక ఉదాహరణము. పండుకొన్నప్పుడు రక్తపోటు 150, నాడి 70 గలవానికి, నిలుచున్న మూడు నిమిషములకు రక్తపోటు 98, నాడి 76 అయినదనుకొందము. పోటు 52 పడినది, నాడి 6 మాత్రమే పెరిగినది. 6ను 52 చేత భాగించిన 0.12 వచ్చును. ఈ భాగఫలము 0.5కు లోబడినచో నరముల లోపమని అనుమానింపవలెనని 2018లో ప్రకటింపబడిన పరిశీలన తెలుపుచున్నది. అదే మనుజునికి నాడి 76కు బదులు 110 అయినచో, ముందుగా నీటిని, రక్తమును, మందులను గూర్చి విచారింపవలెను. గుండె గతి సరిగా లేనివారికి, గుండెను నెమ్మదింపజేయు మాత్రలు వాడువారికి ఈ లెక్క నమ్మదగినది కాదు. ఇంత కచ్చితముగా చెప్పు పరీక్షకు ఖర్చు మూడు నిమిషములును, ఒక భాగహారమును మాత్రమే.

రోగి చెప్పు మాటలును వైద్యునకు త్రోవ చూపును. కండ్లు మసకబారుట, తల తేలిపోవుట అందరును చెప్పుదురు. కాని నిలుచున్న కొలది మెడయు, రెండు భుజములును కావడి మోసినవానికివలె నొప్పిపెట్టి, పండుకొనగానే ఆ నొప్పి పోవుచున్నచో అది ఈ వ్యాధికి మంచి గుర్తు. తెల్లవారుజామున లేచినప్పుడు, కడుపునిండ అన్నము తిన్న తరువాత, వేడినీళ్ల స్నానము చేసిన పిమ్మట, కల్లు త్రాగినప్పుడు, ఎండలో నిలుచున్నప్పుడు బాధ ఎక్కువ. మరికొందరికి రక్తపోటు పడుచున్నను ఏ బాధయు తెలియదు. తెలిసినది మాత్రము పడి తుంటి యెముక విరిగిన నాడే. అందుచేత రోగి చెప్పలేదు గనుక లేదని అనుకొనరాదు.

చికిత్స చరిత్ర కూడ చిన్నదే, కాని ఆశ కలిగించునది. 1940లో మెక్లీను, ఆలెను అను అమెరికా వైద్యులు మంచము తలవైపు ఎత్తుచేసి పండుకొనుట వలన ఈ రోగులు పగటిపూట మేలుగా నిలువగలరని చూపిరి. మందు కాదు, మంచమే చికిత్స. వెల్లకిల పండుకొన్నప్పుడు రక్తపోటు పెరుగుట చేత మూత్రపిండములు రాత్రియంతయు నీటిని, ఉప్పును బయటికి పంపివేయును. తెల్లవారుసరికి దేహమున నీరు తరిగి, లేవగానే రోగి పడును. తలవైపు ఎత్తు చేసినచో ఈ నష్టము తగ్గును. మన నులక మంచమునకు తలవైపు రెండు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టి, జానెడు ఎత్తు చేసినచో ఆ చికిత్స ఇంటనే సిద్ధము. తలగడలు పేర్చుట దీనికి బదులు కాదు, మంచమే వాలవలెను.

రెండవది నీరు. అర లీటరు నీటిని, అనగా ఒక చెంబెడు, ఆగకుండ త్రాగినచో ఈ రోగులలో కొలది నిమిషములలోనే రక్తపోటు పెరుగ నారంభించి, అరగంటకు శిఖరము నంది, గంట వరకు నిలుచునని 2000 ప్రాంతమున జరిగిన పరిశోధనలు తెలిపినవి. తెల్లవారి మంచము దిగుటకు ముందు ఈ చెంబెడు నీరు త్రాగి, కొంతసేపు మంచముపై కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండి, పిదప ఆసరాతో లేచుట మేలు. గుండె బలహీనతయు, మూత్రపిండముల వ్యాధియు గలవారు మాత్రము నీటిని, ఉప్పును వైద్యుని మాట మేరకే తీసికొనవలెను. తక్కినవారికి ఉప్పును తగ్గింపుమని చెప్పుటకు బదులు హెచ్చింపుమని చెప్పుట ఈ వ్యాధియందలి వింత.

మూడవది కట్టు. హిల్ చెప్పినట్లు రక్తము దాగు ముఖ్యస్థానము కడుపు. కనుక లేచుటకు ముందు పొత్తికడుపు చుట్టు బిగుతుగా నడికట్టు కట్టి, పండుకొనునప్పుడు విప్పవలెను. నాలుగవది భంగిమ. కండ్లు తిరుగుచున్నట్లు తోచిన క్షణమున కాళ్లను కత్తెరవలె పెనవేసి తొడలను బిగించుట, మునివ్రేళ్లపై లేచి దిగుట, అన్నిటికంటె మేలుగా గొంతుక కూర్చుండుట రక్తమును పైకి త్రోయును. గొంతుక కూర్చుండుట మన పెద్దలకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. కాని అట్లు కూర్చుండి లేచునప్పుడు మరల పోటు పడును గనుక నెమ్మదిగా లేవవలెను. ఐదవది ఆహారము. పెద్ద కంచమెడు అన్నము ఒక్కసారి తినుటకంటె నాలుగైదుసార్లు కొంచెము కొంచెముగా తినుట మంచిది. తిన్న తరువాత గంటసేపు నిలుచుండి పని చేయరాదు.

వీనితో సరిపడనిచో మందులు కలవు. దేహమున ఉప్పును నిలుపు ఫ్లూడ్రోకార్టిసోన్‌ను 1959లో ఈ వ్యాధికి విజయవంతముగా వాడిరి. రక్తనాళములను సూటిగా బిగించు మిడోడ్రిన్‌ను అమెరికాలో 1996లో అంగీకరించిరి. మూడవదియగు డ్రాక్సిడోపా కథ మన ప్రాంతపు పొదలను జ్ఞప్తికి దెచ్చును. ఒడలు తాకిన దురదపుట్టించు దూలగొండిని ఎరుగని పల్లెవారుండరు. దాని గింజలలో డోపా అను పదార్థమున్నదని దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు 1937లో మద్రాసు విశ్వవిద్యాలయమున నిరూపించిరి. దేహము డోపాను డోపమిన్‌గా, డోపమిన్‌ను నోరాడ్రెనలిన్‌గా మార్చును. డోపా పార్కిన్సన్ రోగి వణకును తగ్గించును గాని, నిలుచున్నప్పటి రక్తపోటును మరింత పడవేయవచ్చును. దాని దాయాదియగు డ్రాక్సిడోపా, డోపమిన్ మెట్టును దాటి నేరుగా నోరాడ్రెనలిన్ అగును. అనగా పలుకని నీరటికి బదులు కబురును మనమే పంపుట. జపానులో 1989లోను, అమెరికాలో 2014లోను దీనిని అంగీకరించిరి. ఇంతమాత్రము చేత దూలగొండి గింజలను నూరి త్రాగరాదని వేరుగా చెప్పనక్కరలేదనుకొందుము.

ఈ వ్యాధి చికిత్సలో ఒక కత్తి అంచు కలదు. నిలుచున్నప్పుడు 90కి పడు రక్తపోటే, అదే రోగి పండుకొన్నప్పుడు 180కి లేవవచ్చును. నరములు పోటును దింపుటకును పనికిరావు గదా! అందుచేత మిడోడ్రిన్ వంటి మందును సాయంకాలము తరువాత వేసికొనరాదు. పండుకొనుటకు కనీసము నాలుగు గంటల ముందుగా ఆపవలెను. పగలు వెల్లకిల పండుకొనరాదు. వైద్యుని గమ్యము ఒక సంఖ్యను అందుకొనుట కాదు. రోగి నిన్నటికంటె నేడు ఎంతసేపు నిలిచియుండగలుగుచున్నాడు, పడకుండ పెరటిలోనికి పోయి రాగలుగుచున్నాడా అనునదే కొలబద్ద. నరములను బాగుచేయు మందు ఇంతవరకు లేదు. కాని నిలుచుండు నిమిషములను పెంచు ఉపాయములు ఇన్ని యున్నవి.

ఇప్పుడు మరల డోర్నకల్ చేరుకొందము. ముప్పది యేండ్లు దాటినవారికి ఆరోగ్య కార్యకర్తలు రక్తపోటును, చక్కెరను పరీక్షించు పద్ధతి మన పల్లెలలో వచ్చినది. మహబూబాబాదులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. ఒకనాడు రైలెక్కి హైదరాబాదు పోయిన గాని అందని విద్య జిల్లాలోనికే వచ్చినది. అయినను రక్తపోటును సాధారణముగా కూర్చుండబెట్టియే కొలుచుచున్నాము. కూర్చున్నప్పుడు 150 చూపిన వృద్ధునికి మాత్ర హెచ్చింతుము. అతడు లేచినప్పుడు 98 అగుచున్నదని ఎవరును చూడరు. హెచ్చించిన మాత్ర అతనిని మరింత వడిగా నేలపై పడవేయును. పడినవానిని ఇంటివారు జాగ్రత్త లేదందురు. కొందరు సోమరి యందురు. అతడును భయముచేత మంచము దిగుట మానివేయును. మంచము పట్టినవాని నరములు, కండలు మరింత సన్నగిల్లును. ఒక చిన్న కొలత జరుగకపోవుట చేత ఒక మనుష్యుని నడక పోవుట ఇట్లే.

మాత్రలను తమంతట తాము మానివేయుమని మేము చెప్పుట లేదు, అదియు ప్రమాదమే. మేము కోరునది ఒక్కటియే. మధుమేహము గలవారికి, వణకు రోగము గలవారికి, లేచినప్పుడు తూలుచున్న వృద్ధులకు పట్టీని విప్పివేయుటకు ముందు, తాతా, అవ్వా, ఒక్కసారి నిలుచుండుమని అడిగి, మూడు నిమిషములు ఆగి, మరల కొలువవలెను. రెండు సంఖ్యలను చీటిపై ప్రక్కప్రక్కన వ్రాయవలెను: పండుకొని ఇంత, నిలుచుండి ఇంత. ఇంటివారును ఆ చీటిని భద్రపరచి వైద్యునకు చూపవలెను. వేయి పౌనులు పోసి, సముద్రములు దాటించి నిపుణుని రప్పించి రక్తపోటు గీతలను గీయించిన నేల మనది. ఆ గీతలు లేవనెత్తిన ప్రశ్న నుండి పుట్టిన పరీక్ష మన పల్లెలోని వృద్ధుని జబ్బవరకు రాకుండుటకు ధనము కారణము కాదు, మూడు నిమిషముల ఓపిక మాత్రమే.